మిల్లీబారుకి ఒక సెంటీమీటరు

ప్రగతినగర్‌లో రాత్రి రెండింటికి
సముద్రం నా టేబుల్ మీద ఉంటుంది:
నల్లటి తెర, పచ్చటి గీత,
పక్కన మూత పెట్టని అల్లం చాయ్.

సముద్రమట్టానికి అయిదువందల మీటర్ల పైచిలుకు ఎత్తు అని
మా మెట్ల దగ్గర రాతిపలక మీద చెక్కి ఉంది.
ఆ పలకకి వీపు ఆనించి కూచునే వాచ్‌మన్ ఉప్పలయ్య
"గీడ సముద్రం యాడుంది మేడం, బండలు తప్ప?" అంటాడు.
ఆయన సముద్రాన్ని చూడలేదు.
నేను చూశాను, రెండుసార్లు.
రెండోసారి అలల్ని కూడా కాదు,
జెట్టీ కింద నీటిమట్టం కొలిచే గొట్టాన్ని.

గీత ఎందుకు లేస్తుందో మొదట చెప్పింది జుబేదా మేడం.
"గాలికి బరువుంటుంది" అంది,
చాయ్ మీద మీగడని చెంచా వెనకతో నొక్కుతూ.
"నొక్కినంతసేపూ నీరు అణిగి ఉంటుంది.
చెయ్యి కాస్త తేలికైతే చాలు,
మిల్లీబారు తగ్గితే ఒక సెంటీమీటరు
లేచి చూస్తుంది."
చెంచా తీసింది.
మీగడ ముడత పడింది గాని చాయ్ లేవలేదు.
పోలికలన్నీ పని చెయ్యవు.

పని చేసేది ఇంకొకటుంది, మెల్లగా.
భూమధ్యరేఖ మీద, ఏ పడవా లేని చోట,
పడమటి గాలి పది రోజులు నీటిని తోస్తుంది.
తోసి మర్చిపోతుంది.
తోపు మర్చిపోదు.
సుమత్రా గట్టు తగిలి ఉత్తరానికి మళ్ళి
చీకట్లో స్విచ్ వెతికే చెయ్యిలా
బర్మా ఒడ్డు తడుముకుంటూ వచ్చి
గంగ కలిసే మలుపు తిరిగి
నెల దాటాక, తీరిగ్గా,
కాకినాడ మెట్టు ఎక్కుతుంది.
అక్కడ అప్పుడు ఆకు కదలదు.

మొన్న అక్టోబరులో అలాంటి రాత్రే
గీత తెగిపోయింది.
గొట్టంలో పీతలు దూరాయో, బ్యాటరీయో.
ఇక్కడ నిజాంపేట రోడ్డు మీద మోకాలిలోతు వాన,
టీవీలో ఎవరో "నగరం సముద్రమైంది" అంటున్నారు.
ఆ మాటంటే నాకు చిన్న కోపం.
సముద్రానికి మ్యాన్‌హోలు మూతలుండవు.

ఫోను మోగింది. ఉప్పాడ నుంచి మైలపల్లి ఎర్రమ్మ:
"గాలీ లేదు, వానా లేదు, చుక్కలు కనపడతన్నాయి.
నీరు మాత్రం వచ్చేసిందండీ
నెత్తళ్ళు ఆరేసిన వల కిందకి.
అమాసన్నా కాదే!
మీ మిషన్లో ఏం చూపిత్తందండీ?"

మా మిషన్లో ఏమీ చూపించడం లేదనడానికి
నోరు రాలేదు.
సుమత్రా గురించి చెప్పాను,
తోసి మర్చిపోయిన గాలి గురించి చెప్పాను.
కాసేపు లైన్లో నీటి చప్పరింపు తప్ప ఏమీ లేదు.
"అంటే ఎవరో చేసిన అప్పు
నా గుమ్మంలో వసూలు చేత్తన్నారన్నమాట."

ఎంత వచ్చిందని అడిగాను.
పడవ కట్టే రాటకి మేకులున్నాయట,
మొగుడు కొట్టినవి మూడు, తను కొట్టినవి నాలుగు.
"కిందనుంచి నాలుగోది మునిగిందండి,
అయిదోదానికి బెత్తెడు తక్కువ."

బెత్తెడు.
మా ఫైల్లో ఆ కొలతకి గడి లేదు.
నా నాలుగు వేళ్ళూ కలిపి స్కేలు మీద పెట్టాను: ఏడు.
ఆమెవి ఇంకా లావై ఉంటాయి, తాళ్ళు లాగిన వేళ్ళు.
ఎనిమిదని రాసుకున్నాను, పెన్సిల్‌తో,
లాగ్‌బుక్ అంచున:
ఎర్రమ్మ రాట, అయిదో మేకుకి బెత్తెడు తక్కువ.

తెల్లారి అయిదింటికి గీత తిరిగొచ్చింది,
ఏమీ జరగనట్టు, పై మెట్టు మీంచి మొదలై.
మధ్య ఖాళీని తిన్నగా గీసి కలిపేస్తానంది కంప్యూటరు.
వద్దన్నాను.

ఇంటికి పోతుంటే ఉప్పలయ్య
రాతిపలక మీద వాన నీళ్ళు తుడుస్తున్నాడు.
"అయిదువందలంటే యాడికెల్లి కొలిచిన్రు మేడం?
గా కింది గీత యాడుంటది?"
"అది కదులుతుంటది ఉప్పలయ్యా" అన్నాను.

ఆయన గుడ్డ పిండి
అంకెల్ని ఇంకోసారి తుడిచాడు.